లోపలి కళాయి

డాక్టరమ్మ కాయితం మీద గొట్టం బొమ్మ గీసింది.
నేను ఇత్తడి గిన్నె అనుకున్నాను.

నరసన్నపేట ఆస్పత్రి, మూడో నంబరు గది.
బయట బల్ల మీద మా కాసులమ్మ,
ఒళ్ళో చోడి అంబలి సీసా.
పరగడుపున రక్తం ఇచ్చినోణ్ణి కదా,
బేగి తాగించాలని.

"రక్తంలో చక్కెర ఎక్కువైతే, ఆచారిగారూ,
లోపల రవ్వలు లేస్తాయి.
నాళం లోపల పల్చటి పొర ఒకటుంటుంది,
రవ్వ తగిలిన చోటల్లా అది చిట్లుతుంది.
చిట్లిన చోట కొవ్వు చేరుతుంది.
చేరిన కొవ్వూ ఆ రవ్వలకే చెడుతుంది."
దానికేదో ఇంగ్లీషు పేరు కూడా చెప్పింది.
నాకు ఆ పేరు అక్కర్లేకపోయింది.

నలభై రెండేళ్ళు బుడితిలో కళాయి పెట్టినవాణ్ణి.
చింతపండు, ఇసక, గిన్నెలో నిలబడి మడమలతో తిప్పుడు,
కాగిన బిందెలో చిటికెడు నవాసారం,
గుప్పున తెల్లటి పొగ,
తగరం కడ్డీ ముట్టిస్తే వెన్నెల కరిగి జారడం,
దూదితో ఒక్క తుడుపు.
అంతే.
ఇక దాన్లో చారు కాచుకో, పులుసు కాచుకో, నీ ఇష్టం.

కళాయి పోయిన గిన్నెలో పులుసు ఏమవుతుందో
నాకెవరూ బొమ్మ గీసి చెప్పక్కర్లేదు.
పైన బంగారంలా మెరుస్తూనే ఉంటుంది.
కిలుం లోపల మొదలవుతుంది,
పచ్చగా, గోరంత.
పెళ్ళివంటకి తీసిన గుండిగల్ని
లోపల చెయ్యి పెట్టి చూసి వెనక్కి పంపేసేవాణ్ణి:
"దీన్లో వొండితే ఊరంతా వాంతులే, పట్టుకుపో!"
నన్ను మాత్రం
పదిహేనేళ్ళుగా పైపైనే తోముకున్నాను.

గుండె గీతల కాయితం చూసి
ఆమె కాసేపు మాట్లాడలేదు.
"ఇది ఇదివరకే ఒకసారి వచ్చి పోయింది మీకు."
"ఏటమ్మా వచ్చింది?"
"గుండెపోటు."
"నొప్పి నేదే!"
"చక్కెర ఉన్నవాళ్ళకి ఒక్కోసారి ఉండదు.
నరాలు మొద్దుబారిపోతాయి. కబురందదు."

కబురందదు.
కాలి కింద బొగ్గు కణిక అంటుకున్న రోజు
మంట రాలేదు,
చర్మం కాలిన వాసనే ముందొచ్చింది.

"మళ్ళీ కళాయి పెట్టలేరా అమ్మా, లోపల?"
ఆమె నవ్వలేదు. అందుకే నచ్చింది.
"కొత్తది పెట్టలేం. ఉన్నది పోకుండా చూద్దాం."
బీడీ మానమంది. నడవమంది. ఉప్పు సగం చెయ్యమంది.
నాలుగు రంగుల మాత్రలు రాసింది.
ఊరికే చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా
నొప్పి కోసం చూస్తూ కూర్చోవద్దు,
వెంటనే రమ్మంది.

బస్సు చల్లవానిపేట దాటేదాకా
పాత రోజులన్నీ తిరగేశాను. ఏ రోజు?
కిందటి ఎండాకాలం.
పంచాయితీ వంటసామాను, పదకొండు గుండిగలు, ఒక్కరోజు గడువు.
నాలుగోదాని దగ్గర తిత్తి కొడుతుంటే
చెమట ఆగలేదు. కడుపులో తిప్పింది.
కొలిమి వేడి అనుకున్నాను.
పొద్దున్న తిన్న తాటిముంజలు అనుకున్నాను.
గోడకి జారబడి కాసులమ్మని మజ్జిగ అడిగాను.
తాగి, ఐదో గుండిగ పొయ్యి మీద పెట్టాను.

అదే అయ్యుంటుంది.
తలుపు కొట్టకుండా, బేరమాడకుండా
లోపలికి వచ్చి
తనక్కావలసింది పట్టుకుపోయింది.
నేను దానికి వీపు తిప్పి
తగరం కరిగిస్తున్నాను.

పక్కసీట్లో కాసులమ్మ కొంగుముడి విప్పి
అడ్డచుట్ట తీసింది.
నా కేసి చూసి మళ్ళీ ముడేసుకుంది.
ముడేసిందంతే. పారెయ్యలేదు.

రాత్రి వంకాయలు కోస్తోంది,
కోసిన ముక్కని కోసినట్టే నీళ్ళలో వేస్తూ.
"గాలి తగిలితే నల్లబడిపోవా మరి" అంది,
ఎవరూ అడక్కపోయినా.
తరవాత ఉప్పుడబ్బా మూత తీసి
చిటికెడు పట్టుకుని,
ఆగి,
సగం మళ్ళీ డబ్బాలో రాల్చింది.